నెట్‌వర్కింగ్ ప్యాచ్‌ను లైనక్స్ కెర్నల్లోకి ఎక్కించడం గురించి మిర్యాలగూడ తమ్ముడికి నా జవాబు

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్తాను. ఈ తమ్ముడు మిర్యాలగూడలో ఒక చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గర పనిచేస్తున్నాడు. ఆరొందల దాకా ఇళ్ల కనెక్షన్లు ఉన్నాయి. అప్‌లింక్‌కు ముందు ఒక లైనక్స్ సర్వర్ పెట్టి, ఎవరి ప్లాన్ ప్రకారం వాళ్లకు స్పీడ్ అందేలా హెచ్‌టీబీ (కెర్నల్లో స్పీడ్‌ను వాటాలుగా పంచే పద్ధతి) క్లాసులు రాసుకున్నారు. రాత్రి ఎనిమిది దాటితే సీపీయూలో ఒక కోర్ నూటికి నూరు శాతం కొట్టుకుంటోంది, అందరికీ స్పీడ్ పడిపోతోంది. విసుగొచ్చి తనే ఒక కొత్త క్యూడిస్క్ (ప్యాకెట్లను ఏ వరుసలో, ఎంత వేగంతో పంపాలో చూసే కెర్నల్ భాగం) రాశాడు. 1,800 లైన్లు, ఒకే ప్యాచ్ (కోడ్‌లో మార్పుల ముక్క). జీమెయిల్‌లో అటాచ్‌మెంట్‌గా కెర్నల్ నెట్‌వర్కింగ్ కోడ్ మీద చర్చ జరిగే నెట్‌డెవ్ మెయిలింగ్ లిస్ట్‌కు పంపాడు. ఒక సీనియర్ దగ్గర్నుంచి ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది: దీన్ని హెచ్‌టీబీ, ఎఫ్‌క్యూ-కోడెల్‌తో (కెర్నల్లో ఇప్పటికే ఉన్న మరో క్యూడిస్క్) ఎందుకు చేయలేం? ఆ తర్వాత మూడు వారాలుగా ఉలుకూ పలుకూ లేదు. "అన్నా, నా ఇంగ్లిష్ బాగోలేదనా? చిన్న ఊరివాడిననా? వదిలేయమంటావా?" అని అడుగుతున్నాడు.

వదిలేయొద్దు. కానీ అదే ప్యాచ్‌ను అదే రూపంలో మళ్లీ పంపనూ వద్దు.

నాదీ నల్లగొండే. హైదరాబాద్‌లో నెట్‌వర్క్ డ్రైవర్ల మీద చాలా ఏళ్లుగా పని. నా ప్యాచ్‌లు కొన్ని నెట్-నెక్స్ట్‌లోకి (కొత్త నెట్‌వర్కింగ్ కోడ్ ముందుగా చేరే సోర్స్ ట్రీ) వెళ్లాయి, వేరేవాళ్లవి చూసి రివ్యూలు రాస్తుంటాను. ఆ అనుభవంతో చెప్తున్నా: నీ ఊరు ఏదో వాళ్లు చూడరు, నీ ఇంగ్లిష్ సంగతీ పట్టించుకోరు. ఆ లిస్ట్‌లో సగం మందికి ఇంగ్లిష్ సొంత భాష కాదు. నీకు వచ్చింది చిన్నచూపు కాదు, ప్రశ్న. దానికి నువ్వు జవాబివ్వలేదు. నీ పోస్టులో చూశాను, "వాళ్లకు అర్థం కాలేదు" అని ఊరుకున్నావు. అక్కడ ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు రాకపోతే ఆ ప్యాచ్ పక్కకు పోతుంది, అంతే. ఎవరూ వెంటపడి అడగరు.

ఆ ప్రశ్న వెనకాల ఏముందో అర్థమైతే మిగతాదంతా సులువు. "నీ కోడ్ పనిచేస్తుందా" అని కాదు వాళ్ల అనుమానం. పనిచేస్తుందనే అనుకుందాం. నువ్వు రేపు ఉద్యోగం మారి చేతులు దులుపుకుంటే ఈ 1,800 లైన్లు ఎవరు చూసుకోవాలన్నది వాళ్ల బాధ. కెర్నల్లోకి ఒకసారి వెళ్లిన ఇంటర్‌ఫేస్‌ను తీసేయడం చాలా కష్టం. దాన్ని వాడే ప్రోగ్రామ్ ఎక్కడో ఒకచోట ఉంటుంది, అది ఆగిపోకూడదన్నది లైనస్ టోర్వాల్డ్స్ మొదట్నుంచీ పట్టుబట్టే నియమం.

క్యూడిస్క్‌లుండే ట్రాఫిక్ కంట్రోల్ (టీసీ) భాగంలో ఈ భయం ఇంకా ఎక్కువ. 6.3 వెర్షన్‌లో, అంటే 2023లో, సీబీక్యూ, ఏటీఎం, డీఎస్‌మార్క్ అనే మూడు పాత క్యూడిస్క్‌లను పూర్తిగా తీసేశారు. ఏళ్లుగా ఎవరూ వాడని కోడ్‌లో సెక్యూరిటీ లోపాలు బయటపడుతుంటే, తెలిసినవాళ్లెవరూ లేక మెయింటెయినర్లే (ఆ భాగం బాధ్యత చూసేవాళ్లు) కూర్చుని బాగుచేయాల్సి వచ్చేది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. యూజర్ నేమ్‌స్పేస్‌లు (సిస్టమ్‌లోనే విడిగా గిరిగీసుకున్న గదుల్లాంటివి) తెరిచి ఉన్న సిస్టమ్‌లో మామూలు యూజర్ కూడా తన సొంత నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ తయారుచేసుకుని అందులో ఏ క్యూడిస్క్ అయినా పెట్టుకోగలడు. అంటే నీ కోడ్‌లో ఒక యూజ్-ఆఫ్టర్-ఫ్రీ (వదిలేసిన మెమరీని మళ్లీ వాడే లోపం) ఉంటే, మిర్యాలగూడ సర్వర్ సంగతి అటుంచి, ఇంకెక్కడో నీ ప్రొవైడర్ పేరు కూడా వినని మనిషి మెషీన్‌లో రూట్ అవ్వడానికి అది దారి. అందుకే కొత్త క్యూడిస్క్ అనగానే వాళ్ల ముఖం మారుతుంది.

ఇప్పుడు నీ సమస్యకు వద్దాం. నెట్‌వర్కింగ్ పెద్దగా తెలియనివాళ్లకు ఒక్క మాట. సాగర్ ఎడమ కాల్వ మీద పైవాళ్లు తూములు ఎత్తుకుంటే చివరి ఆయకట్టుకు నీళ్లందవు కదా, లింక్ మీద ఆ వాటాలు చూసేది క్యూడిస్క్.

తమ్ముడూ, నీ సర్వర్ నేను చూడలేదు. కానీ నువ్వు పెట్టిన కాన్ఫిగరేషన్‌లో ఒక్కో ఇంటికి ఒక్కో యూ32 ఫిల్టర్ (ప్యాకెట్ ఏ ఇంటిదో గుర్తుపట్టే నియమం), అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. అంటే ప్రతి ప్యాకెట్‌కూ మొదటి ఫిల్టర్ నుంచి పోల్చుకుంటూ పోతుంది, సగటున మూడొందలు పోల్చాక గానీ అసలు ఇల్లు దొరకదు. ఒక గిగాబిట్ లింక్ పూర్తి సైజు ప్యాకెట్లతో నిండితే సెకనుకు దాదాపు 81,000 ప్యాకెట్లు. గుణించు. సెకనుకు రెండున్నర కోట్ల దాకా పోలికలు. జీఆర్‌వో అనే సౌకర్యం ప్యాకెట్లను కలిపితే కొంత తగ్గుతుంది గానీ, లెక్క ఇదే. రాత్రి ఎనిమిదింటికి పెర్ఫ్ టాప్ (సీపీయూ సమయం ఏ ఫంక్షన్‌లో పోతోందో చూపించే టూల్) పెట్టి చూడు. పైన యూ32 క్లాసిఫై ఫంక్షన్ కనిపిస్తే నీ రోగం హెచ్‌టీబీలో లేదు, ఫిల్టర్లలో ఉంది. ఐపీ అడ్రస్‌లో చివరి చుక్క తర్వాతి సంఖ్య మీద 256 గదుల హ్యాష్ టేబుల్ పెట్టు. యూ32లో ఆ సౌకర్యం ఎప్పట్నుంచో ఉంది. ఒక్కో గదిలో రెండో మూడో ఫిల్టర్లు మిగులుతాయి. కెర్నల్లో ఒక్క లైను మార్చకుండానే పని అయిపోవచ్చు.

అలా కాకుండా పెర్ఫ్‌లో స్పిన్‌లాక్ స్లోపాత్ పైన కనిపిస్తే కథ వేరు. అప్పుడు కోర్లన్నీ క్యూడిస్క్ రూట్ లాక్ దగ్గర వరుస కట్టి నిలబడ్డాయని అర్థం. కానీ చూడు, నీ కొత్త క్యూడిస్క్‌కూ అదే రూట్ లాక్ ఉంది. నీ కోడ్ చదివాను, లాక్ లేకుండా నడిచే రకం కాదది. మరి అది ఎలా వేగం ఇస్తోంది? బహుశా నువ్వు ఫిల్టర్లు తీసేసి లోపలే హ్యాష్‌తో ఇల్లు వెతుకుతున్నావు కాబట్టి. అంటే మళ్లీ మొదటి సంగతికే వచ్చాం. రివ్యూ చేసేవాళ్లకు ఇది రెండు నిమిషాల్లో తడుతుంది. వాళ్లు అడిగిన ఆ ఒక్క ప్రశ్నలో ఇదంతా ఉంది.

ఇంకా అడుగుతారు. 2018లో 4.19తో వచ్చిన కేక్ అనే క్యూడిస్క్ ఉంది కదా, అది ఇంటి వారీగా వాటా చూస్తుంది కదా అని. దానికి నీ దగ్గర మంచి జవాబే ఉంది: కేక్ అందరికీ సమానంగా పంచుతుంది, ఒకే క్యూడిస్క్‌లో ఈ ఇంటికి 50 ఎంబీపీఎస్, ఆ ఇంటికి 100 అని వేర్వేరు ప్లాన్లు పెట్టలేదు. ఈ మాట నీ ప్యాచ్‌లో ఎక్కడా లేదు! బీపీఎఫ్‌తో (కెర్నల్ సోర్స్ మార్చకుండానే అందులో సొంత ప్రోగ్రామ్ నడిపే పద్ధతి) క్యూడిస్క్ రాసుకునే సౌకర్యం 6.16 నుంచి ఉంది, దాంతో చేసుకోవచ్చు కదా అనీ అడుగుతారు. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు కష్టం. నన్నడిగితే, పెర్ఫ్ లెక్కలు చూశాక కూడా నీకు కొత్త క్యూడిస్క్ కావాలనిపిస్తే ముందు బీపీఎఫ్‌లోనే రాసి చూడు. కెర్నల్‌లోకి ఎక్కించాల్సిన అవసరమే ఉండదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ మాడ్యూల్ సరిచేసుకునే తలనొప్పి కూడా చాలా తగ్గుతుంది. అందులో దాటలేని అడ్డంకి ఏదైనా తగిలితే, అదే నీ కవర్ లెటర్‌లో అన్నిటికన్నా బలమైన పేరా అవుతుంది.

సరే, ఇవన్నీ చూశాక కూడా పంపాలనే నిర్ణయించుకున్నావు అనుకుందాం. అప్పుడు నేనైతే క్యూడిస్క్‌తో మొదలుపెట్టను. నీ పోస్టు చివర్లో, మాటవరసకు అన్నట్టు, ఒక యూఎస్‌బీ ఈథర్నెట్ డ్రైవర్‌లో ఎర్రర్ వచ్చినప్పుడు బఫర్ వదిలిపెట్టకుండా వెనక్కి వెళ్లిపోతోందని, ఒక్క లైనుతో సరిచేశానని రాశావు. దాన్ని నీ దగ్గరే పెట్టుకున్నావు, ఎవరికీ పంపలేదు. బంగారంలాంటి ప్యాచ్ అది. ముందు దాన్ని పంపు.

ఎలా పంపాలో ఆ ఒక్క లైను మీదే చెప్తాను, మిగతావాటికీ పద్ధతి అదే. ఇది ఉన్న కోడ్‌లో లోపాన్ని సరిచేసేది, కాబట్టి నెట్ ట్రీకి వెళ్తుంది. కొత్త సౌకర్యాలైతే నెట్-నెక్స్ట్‌కు. సబ్జెక్ట్‌లో ప్యాచ్ అన్న మాట పక్కనే ఏ ట్రీకో రాయాలి, లేకపోతే ప్యాచ్‌లను తనంతట తానే పరీక్షించే బాట్ ఊహించుకోవాలి. తర్వాత డ్రైవర్ పేరు రాసి కోలన్, ఆ తర్వాత ఏం చేశావో ఆజ్ఞాపించినట్టు ఒక్క వాక్యం. లోపల నువ్వు రాసుకున్నది "మెమరీ లీక్ ఫిక్స్ చేశాను" అని. అది చాలదు. ఇలా ఉండాలి: యూఆర్‌బీ (యూఎస్‌బీ డేటా అభ్యర్థన) సబ్మిట్ చేసేటప్పుడు విఫలమైతే ఈ ఫంక్షన్ ఎర్రర్ ఇచ్చి వెనక్కి వెళ్తుంది, కానీ అప్పటికే కేటాయించిన బఫర్‌ను వదలదు, డాంగిల్‌ను పదేపదే పీకి పెట్టినప్పుడు ఇది కనిపించింది, కెమెమ్‌లీక్ (మెమరీ లీకులు పట్టే టూల్) రిపోర్ట్ ఇదిగో, ఎర్రర్ దారిలో బఫర్‌ను ఫ్రీ చేస్తున్నాం. ఏం జరుగుతోంది, ఎవరికి ఎప్పుడు తగులుతుంది, ఎలా తెలిసింది, ఏం చేశాం. నాలుగూ ఉంటే చాలు, వ్యాకరణం తప్పు పోయినా ఎవరూ ఏమనరు.

కింద ఫిక్సెస్ ట్యాగ్ పెట్టాలి. ఆ లోపం ఏ కమిట్‌తో వచ్చిందో గిట్ బ్లేమ్‌తో వెతికి, దాని హ్యాష్‌లో మొదటి 12 అక్షరాలూ, బ్రాకెట్లో దాని సబ్జెక్టూ. నెట్ ట్రీకి పంపే ప్యాచ్‌లో ఇది లేకపోతే బాట్‌కే దొరికిపోతావు. పాత స్టేబుల్ కెర్నళ్లు చూసేవాళ్లకు కూడా ఎంత వెనక్కి తీసుకెళ్లాలో దీన్ని బట్టే తెలుస్తుంది. తర్వాత చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్‌ను స్ట్రిక్ట్‌గా నడుపు, గెట్ మెయింటెయినర్ స్క్రిప్ట్ ఎవరి పేర్లు చూపిస్తే వాళ్లందర్నీ సీసీలో పెట్టు, గిట్ సెండ్-ఈమెయిల్‌తో పంపు. జీమెయిల్ వెబ్ పేజీలోంచి అతికిస్తే ట్యాబులు స్పేసులైపోయి ప్యాచ్ అతుక్కోదు. అటాచ్‌మెంట్ అసలే వద్దు, లైను లైను కింద వ్యాఖ్య రాయడానికి కుదరదని చాలామంది తెరవరు కూడా. జీమెయిల్ అకౌంటే వాడుకోవచ్చు, యాప్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే చాలు. మీ ఆఫీసు నెట్‌లో ఎస్‌ఎంటీపీ పోర్టు మూసి ఉంటే బీ4 అనే టూల్ ఉంది, అది కెర్నల్ డాట్ ఆర్గ్ వాళ్ల వెబ్ దారిలో పంపుతుంది. కంపెనీ మెయిల్ ఐడీ నుంచి పంపితే చివర "ఈ సమాచారం గోప్యం" అని ఒక పేరా అంటుకుంటుంది చూడు, అది ఉంటే ప్యాచ్ తీసుకోరు.

ఆ చిన్న ప్యాచ్ వెళ్లిందంటే నీ పేరు ఒకసారి గిట్ లాగ్‌లో ఉంటుంది, నీ మెయిల్ సెటప్ సరిగ్గా ఉందని నీకు తెలుస్తుంది, రివ్యూ అంటే ఎలా ఉంటుందో రుచి చూస్తావు. అలాగని స్పెల్లింగులు దిద్దే ప్యాచ్‌లు, స్పేసులు సర్దే ప్యాచ్‌లు పంపి లెక్క పెంచుకోవాలని చూడకు. వేరే పనిలో భాగం కాని ఉత్త శుభ్రత ప్యాచ్‌లు మాకొద్దని నెట్‌డెవ్ డాక్యుమెంట్‌లోనే రాసి ఉంది. మన కాలేజీల్లో కొందరు రెజ్యూమె కోసం ఈ పని చేస్తున్నారు. వాళ్ల మెయిళ్లు చూస్తే నాకే మొహమాటంగా ఉంటుంది.

ఇక పెద్దదాని సంగతి. 1,800 లైన్ల ఒక్క ప్యాచ్‌ను చదివే ఓపిక ఎవరికీ ఉండదు. కనీసం నాలుగైదు ముక్కలు చెయ్: ముందు యూజర్‌స్పేస్‌కు కనిపించే హెడర్, ఆ తర్వాత ప్యాకెట్లు తీసుకోవడం, పంపడం మాత్రమే చేసే క్యూడిస్క్, తర్వాత ప్లాన్ టేబుల్, తర్వాత లెక్కలు చూపించే భాగం, చివర టెస్టులు. ఏ ముక్క దగ్గర ఆపి బిల్డ్ చేసినా కెర్నల్ బిల్డ్ అవ్వాలి, బూట్ అవ్వాలి. ఒక సిరీస్‌లో 15 కన్నా ఎక్కువ ప్యాచ్‌లు ఉండకూడదు, నీకు అంత అవసరం కూడా రాదు.

నీ కోడ్‌లో రెండు చోట్ల నాకు వెంటనే కనిపించాయి, రివ్యూ చేసేవాళ్లకూ కనిపిస్తాయి కాబట్టి చెప్తాను. ప్లాన్లు ఎక్కించడానికి ప్రాక్‌లో (కెర్నల్ ఫైళ్ల రూపంలో చూపించే డైరెక్టరీ) ఒక ఫైల్, మిగతా సెట్టింగులకు మాడ్యూల్ పారామీటర్లు పెట్టావు. రెండూ ఒప్పుకోరు. మాడ్యూల్ పారామీటర్ అంటే సిస్టమ్ మొత్తానికీ ఒకటే విలువ, రెండు ఇంటర్‌ఫేస్‌లకు రెండు రకాలుగా పెట్టుకోలేవు. ప్రాక్ ఫైల్‌కు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ సంగతి నువ్వే చూసుకోవాలి, నువ్వు చూసుకోలేదు. అన్నీ నెట్‌లింక్ (కెర్నల్‌తో ప్రోగ్రాములు మాట్లాడే దారి) అట్రిబ్యూట్లుగానే రావాలి. అంటే టీసీ కమాండ్‌కు కూడా మార్పు కావాలి, అది ఐపీరూట్2 అనే వేరే ప్రాజెక్టు. ఆ ప్యాచ్ కూడా రాసి దాన్ని కెర్నల్ సిరీస్‌తో పాటే చూపించాలి. వాడే ప్రోగ్రామ్ లేని ఇంటర్‌ఫేస్‌ను తీసుకోరు.

రెండోది ఇంకా ముఖ్యం. నీ ఇనిట్ ఫంక్షన్‌లో ముందు హ్యాష్ టేబుల్‌కు మెమరీ అడుగుతున్నావు, దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చి వెళ్లిపోతున్నావు. వాచ్‌డాగ్ టైమర్‌ను సిద్ధం చేసేది ఆ తర్వాత. చూడ్డానికి సబబుగానే ఉంది. కానీ క్యూడిస్క్‌ల దగ్గర ఒక ఆచారం ఉంది: ఇనిట్ విఫలమైనా కెర్నల్ నీ డిస్ట్రాయ్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. మామూలుగా డ్రైవర్లలో ఇలా ఉండదు, ఇక్కడ ఉంది. అప్పుడు నీ డిస్ట్రాయ్ ఇంకా సిద్ధమే చేయని టైమర్‌ను రద్దు చేయబోతుంది. మెమరీ తక్కువగా ఉన్నప్పుడు తప్ప నీకు ఎప్పుడూ తగలదు, అందుకే నీ సర్వర్‌లో ఆరు నెలలైనా బయటపడలేదు. సిజ్‌బాట్ అనే గూగుల్ ఫజర్ (చిత్రమైన ఇన్‌పుట్లు ఇచ్చి లోపాలు వెతికేది) ఉంది, అది మెమరీ కేటాయింపులను కావాలనే విఫలం చేసి చూస్తుంది, ఇలాంటిది దానికి దొరక్కుండా పోదు. 2017లో ఇదే పొరపాటు కెర్నల్లో అప్పటికే ఉన్న క్యూడిస్క్‌లలో దొరికి వరసగా సరిచేశారు. వాచ్‌డాగ్ ఇనిట్ లైనును అన్నిటికన్నా పైకి జరుపు, సరిపోతుంది.

ఇంకోటి, పిల్ల క్యూలో ప్యాకెట్ పడేసినప్పుడు పై క్యూడిస్క్‌లకు లెక్క తగ్గించి చెప్పాలి, దానికి ట్రీ రెడ్యూస్ బ్యాక్‌లాగ్ అని ఒక ఫంక్షన్ ఉంది. నువ్వు ఒకచోట పిలిచావు, డీక్యూలో కోడెల్ పడేసే చోట పిలవలేదు. పైవాడు లోపల ఇంకా ప్యాకెట్లు ఉన్నాయనుకుంటాడు, లేనివాటి కోసం తిరుగుతాడు. ఈ మధ్య ట్రాఫిక్ కంట్రోల్‌లో వచ్చిన సెక్యూరిటీ లోపాల్లో చాలా వాటికి మూలం ఇదే లెక్క తేడా. ఇది సరిచేశాకే పంపు. దీనిమీద నువ్వే ఒక టెస్ట్ రాసి పెడితే, మనిషికి విషయం తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.

టెస్టులంటే పెద్ద ల్యాబ్ ఏమీ అక్కర్లేదు. కెర్నల్ సోర్స్‌లో సెల్ఫ్‌టెస్టుల కింద టీసీ-టెస్టింగ్ అని ఒక ఫోల్డర్ ఉంది. ఒక్కో టెస్ట్ ఒక్కో జేసన్ ముక్క: ముందు ఏ కమాండ్ నడపాలి, తర్వాత ఏం కనిపించాలి, చివర ఎలా శుభ్రం చేయాలి. పక్క క్యూడిస్క్‌వి చూసి రాయొచ్చు. ట్రాఫిక్ నడిపే టెస్టులకు రెండు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు, మధ్యలో ఒక వీఈత్ జత (సాఫ్ట్‌వేర్ కేబుల్ లాంటిది), నీ ల్యాప్‌టాప్‌లోనే అయిపోతుంది. కేసాన్, లాక్‌డెప్ (మెమరీ, లాక్ తప్పులు పట్టేవి) ఆన్ చేసిన కెర్నల్ మీద నడపడం మాత్రం మర్చిపోకు.

కానీ వాళ్ల దగ్గర లేనిది, నీ దగ్గర ఉన్నది ఒకటుంది. రాత్రి తొమ్మిదింటికి ఆరొందల ఇళ్ల నిజమైన ట్రాఫిక్. ఒక ఇంట్లో క్రికెట్, ఒక ఇంట్లో పిల్లాడి గేమ్ డౌన్‌లోడ్, ఒక రైస్ మిల్లు ఆఫీసు నుంచి సీసీటీవీ అప్‌లోడ్. పెద్ద కంపెనీల ఇంజనీర్లకు డేటా సెంటర్ ట్రాఫిక్ తెలుసు, ఇది తెలియదు. కవర్ లెటర్‌లో దీన్ని వాడుకో. పాత హెచ్‌టీబీ అమరికతో, హ్యాష్ ఫిల్టర్లు పెట్టిన హెచ్‌టీబీతో, నీ క్యూడిస్క్‌తో, ఒకే వేళలో సీపీయూ ఎంత, లింక్ నిండినప్పుడు పింగ్ ఎంత, పడిపోయిన ప్యాకెట్లు ఎన్ని అని మూడు వరుసల పట్టిక చాలు. మధ్య వరుస ఎగ్గొట్టకు, నీకు నష్టం చేసేలా వచ్చినా సరే. అది లేకపోతే మొదటి ప్రశ్న దాని గురించే వస్తుంది. కస్టమర్ల ఐపీలు, పేర్లు ఎక్కడా కనిపించకుండా చూసుకో, ఆ మెయిల్ ఆర్కైవ్‌లో శాశ్వతంగా ఉంటుంది.

ఎప్పుడు పంపాలన్నది కూడా ఉంది. నువ్వు పంపిన తేదీ చూశాను, సరిగ్గా మెర్జ్ విండో మధ్యలో పడింది. కెర్నల్ తొమ్మిది పది వారాలకోసారి విడుదలవుతుంది. విడుదలైన వెంటనే రెండు వారాలు మెర్జ్ విండో, అంటే తర్వాతి వెర్షన్ కోసం కొత్త కోడ్‌ను లైనస్ చేర్చుకునే సమయం. ఆ రెండు వారాలు నెట్-నెక్స్ట్ మూసి ఉంటుంది, ఆర్‌సీ1 (తర్వాతి వెర్షన్ మొదటి పరీక్ష విడుదల) వచ్చాక తెరుస్తారు. మూసి ఉన్నప్పుడు కొత్త సౌకర్యాలు పంపితే, తెరిచాక మళ్లీ పంపమంటారు, అంతే సంగతులు. నీకు బాట్ నుంచి వచ్చిన, నువ్వు "ఏదో ఆటోమేటిక్ మెయిల్" అని వదిలేసిన మెయిల్ అదే అయ్యుంటుంది, ఒకసారి తీసి చదువు. ఆ సమయంలో అభిప్రాయం కోసం మాత్రమే అని ఆర్‌ఎఫ్‌సీ పేరుతో పంపొచ్చు. లోపాలు సరిచేసేవి ఎప్పుడైనా పంపొచ్చు.

పంపాక మెయిల్ పెట్టె చూస్తూ టెన్షన్ పడటం కన్నా ప్యాచ్‌వర్క్ వెబ్‌సైట్‌లో నీ ప్యాచ్ స్థితి చూసుకో. చేంజెస్ రిక్వెస్టెడ్ అని ఉంటే బంతి నీ చేతిలో ఉంది, ఎవరూ మళ్లీ చెప్పరు. అండర్ రివ్యూ అని ఉంటే ఊరికే ఉండు, వారం దాటాక మర్యాదగా ఒకసారి అడుగు. సవరించిన వెర్షన్‌ను 24 గంటల లోపల మళ్లీ పంపకూడదు, వేరే ఖండాల్లో ఉన్నవాళ్లు కూడా చూడాలి కదా. కొత్త వెర్షన్ పాత మెయిల్‌కు జవాబుగా కాకుండా విడిగా వెళ్లాలి. పాతదాని లింకు, ఏమేం మార్చావో జాబితా ఉండాలి. లోకల్ వేరియబుల్స్‌ను పొడవు లైను పైన, పొట్టి లైను కింద వచ్చేలా పేర్చాలన్నది నెట్‌వర్కింగ్ వాళ్ల ప్రత్యేక పట్టింపు. సీ ఫైళ్లలో ఇన్‌లైన్ అన్న మాట రాస్తే బాట్ పట్టుకుంటుంది. ఇలాంటి వాటిమీద వాదించకు, మార్చేసి ముందుకు వెళ్లు.

వాదించాల్సింది డిజైన్ మీద. ఎరిక్ డ్యూమజేట్, జమాల్ హదీ సలీం లాంటి నెట్‌వర్కింగ్ మెయింటెయినర్లు ఒక ముక్కలో అడుగుతారు, ఆ ముక్క కటువుగా అనిపిస్తుంది. మన దగ్గర పెద్దవాళ్లు అడిగితే "సరేనండీ" అనేసి ఊరుకోవడం అలవాటు. అక్కడ అలా పనికిరాదు. నువ్వు చెప్పింది సరైతే లెక్కలతో చెప్పు, కాకపోతే అవునని ఒప్పుకుని మార్చు. మెయిల్లో వాళ్ల ప్రతి ప్రశ్న కిందే నీ జవాబు రాయి, పైన ఒక పేరా రాసి కింద మొత్తం వదిలేయకు.

ఎంతకాలం పడుతుందని అడిగావు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ చూడు. జేసన్ డోనెన్‌ఫెల్డ్ దాన్ని 2018 జూలైలో లిస్ట్‌కు పంపాడు. లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా మెచ్చుకున్నాడు. అయినా దాంతో పాటు తెచ్చిన కొత్త క్రిప్టో లైబ్రరీ దగ్గర గొడవ తెగలేదు. చివరికి ఉన్న క్రిప్టో కోడ్‌తోనే సర్దుకుని 2019 డిసెంబర్‌లో నెట్-నెక్స్ట్‌లోకి వచ్చింది, 2020 మార్చిలో 5.6తో విడుదలైంది. అదే 5.6లో మల్టీపాత్ టీసీపీ (ఒకే కనెక్షన్‌ను ఒకటికి మించిన దారుల్లో నడిపేది) కూడా వచ్చింది. ఏళ్ల తరబడి బయట నడిచిన కోడ్‌ను పక్కనపెట్టి, టీసీపీ అసలు దారిని వీలైనంత తక్కువగా ముట్టుకునేలా మొదట్నుంచి రాసుకొచ్చారు. రెండింటికీ అందరికీ అర్థమయ్యే అవసరం ఉంది, వెనకాల ఓపికున్న మనుషులున్నారు. నీది వాటికన్నా చాలా చిన్నది, అయినా ఒక ఏడాది అనుకుని మొదలుపెట్టు. ఈలోపు రోజుకో అరగంట వేరేవాళ్ల ప్యాచ్‌లు చదువు. నీకు తెలిసిన చోట, ట్రాఫిక్ కంట్రోల్ అయినా యూఎస్‌బీ డాంగిళ్లయినా, రివ్యూ రాయి, లేదా నీ మెషీన్ మీద నడిపి చూశానని చెప్పు. అక్కడ రాసేవాళ్లు ఎక్కువ, చదివేవాళ్లు తక్కువ. చదివేవాడి పేరు త్వరగా గుర్తుంటుంది.

ఒక్కటి మిగిలింది, దీన్ని మాత్రం ఏ ప్యాచ్ అయినా పంపేముందే చెయ్యి. ప్యాచ్ కింద సైన్డ్-ఆఫ్-బై అని పేరు రాస్తున్నావంటే, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని సంతకం చేస్తున్నట్టు. లైనక్స్‌లో తమ కోడ్ ఉందంటూ ఎస్‌సీఓ కంపెనీ వేసిన కోర్టు గొడవల తర్వాత 2004లో పెట్టిన పద్ధతి అది. నువ్వు ఈ కోడ్ ఆఫీసు పనిలో భాగంగా, ఆఫీసు సర్వర్ మీద రాశావు. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. మీ ఓనర్ మంచాయనే అని రాశావు, అయినా "ఈ కోడ్‌ను జీపీఎల్ వెర్షన్ 2 కింద లైనక్స్ కెర్నల్‌కు ఇవ్వడానికి అనుమతిస్తున్నాం" అని కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక్క పేరా రాయించి సంతకం తీసుకో. లెటర్ నువ్వే టైప్ చేసి తీసుకెళ్లు, లేకపోతే అది ఎప్పటికీ అవ్వదు. పేరు దగ్గర ఇంటిపేరు ముందా వెనకా అని తలకొట్టుకోకు, నలుగురూ నిన్ను ఏ పేరుతో పిలుస్తారో అది చాలు, మారుపేరుతో దాక్కోవడం మాత్రం కుదరదు.

ముందు పెర్ఫ్ చూడు. ఈ వారం ఏదో ఒక రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్యలో తీసి ఆ అవుట్‌పుట్ ఇక్కడే కింద పెట్టు. యూ32 హ్యాష్ కమాండ్లు రాయడంలో చిక్కు వస్తే చెప్పు, మీ మూడు సబ్‌నెట్‌లకు సరిపడేలా నేను రాసిస్తాను.